తులి, తూలి, తుల్లి

ఔలులో నవంబరు. మధ్యాహ్నం మూడింటికే దీపాలు.
పరీక్ష గది బయట బూట్లు విప్పుకుని
ఉన్ని మేజోళ్ళతో ఒకే బల్ల మీద
లెతెబ్రహన్, నేను.
ఆమె రాత్రంతా డిపోలో బస్సులు కడిగి వచ్చింది.
చేతులకి ఇంకా నిమ్మసబ్బు వాసన.

ఉండిపోతామని దరఖాస్తు పెట్టాలంటే
ముందు ఇక్కడివాళ్ళలా మాట్లాడి చూపించాలి.
"భయపడకండి, ఫిన్నిష్‌లో భవిష్యత్తు లేదు"
అంది మొదటిరోజే పంతులమ్మ ఐలా,
భవిష్యత్కాలం అనబోయి.
ఎవరూ నవ్వలేదు.
బొహ్దాన్ మాత్రం పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు.

నాకు మొదట్లో అంతా చుట్టరికంలానే తోచింది.
విభక్తులు పదిహేనట.
డుమువుల్ని గుక్కతిప్పకుండా అప్పజెప్పిన దాన్ని,
నాకో లెక్కా అనుకున్నాను.
చేపని కల అంటారు. అంగడి అద్దం మీద
తాజా కల, కిలో పన్నెండు యూరోలు.
ఇంటిని కోటి అంటారు,
నెలనెలా అద్దె కట్టే ఒంటిగదిని కూడా.
దేశాన్ని మా అంటారు.
అక్కడ మాత్రం ఆగిపోయాను చాలాసేపు.

లెతెబ్రహన్ నేర్చుకున్నది బస్సుల్లో.
సీట్ల కింద దొరికినవన్నీ డిపో పుస్తకంలో ఎక్కించాలి కదా.
చేతితొడుగు, ఒకటి, ఎడమది.
పసిపిల్ల టోపీ.
చేతితొడుగు, ఒకటి, మళ్ళీ ఎడమదే.
ఈ ఊరి ఎడమచేతులు ఎలా బతుకుతున్నాయో, అనేది.
ఎవరూ బస్సులో మరిచిపోని వాటి పేర్లే ఆమెకి రావు:
కిటికీ, పొయ్యి, గడప.

లోపల పన్నెండు మందిమి, చెవులకి హెడ్‌ఫోన్లు.
పక్కవాళ్ళ మాట వినపడుతూనే ఉంటుంది,
ఎవరి యంత్రానికి వాళ్ళం చెప్పుకోవాలి.
మీరు ఈ దేశానికి ఎలా వచ్చారు?
తొంభై సెకన్లు. గంట.

ఈ భాషలో ఒక గండం ఉంది.
తులి అంటే నిప్పు.
వచ్చింది అనడానికీ అదే మాట.
దీర్ఘమిస్తే తూలి, గాలి.
ఒత్తి పలికితే తుల్లి,
సరిహద్దులో సంచులు కిందికి దులిపే సుంకం గది.
ఆర్నెల్లు ఐలా బల్ల మీద వేలితో తాళం వేసి
మా నాలుకల్ని సాగదీసింది, ఆపింది, మళ్ళీ సాగదీసింది.

విమానం, సూట్‌కేసు, ఉద్యోగం కాగితం.
నా కథ నలభై సెకన్లలో అయిపోయింది.
మిగతా యాభై పక్కగొంతు విన్నాను.

తులి తులి, అంది ఆమె.
నిప్పు వచ్చింది.
తూలి తులి.
గాలి వచ్చింది.
తరవాత చాలాసేపు ఊపిరి.
తుల్లి తులి.

ఒక్క దీర్ఘం తప్పలేదు, ఒక్క ఒత్తు జారలేదు.
ఎక్కడో ఏదో ఊళ్ళో, కాఫీ పక్కన పెట్టుకుని
మార్కులు వేసే మనిషి వింటుంది దీన్ని.
ఈమెవరో ప్రశ్న అర్థంకాక
తరగతిలో పాఠం వల్లిస్తోంది పాపం, అనుకుంటుంది.
అనుకోదా?
నేనయినా అనుకునేదాన్నే,
ఆమె మణికట్టు మీద మచ్చని చూసి ఉండకపోతే.

బస్ స్టాపులో మంచు మొదలైంది.
మీ భాషలో మా అంటే ఏమిటని అడిగింది.
మాది అని చెప్పాను. ఎదురుగా ఉన్న మనిషిది కాదని.
అంత చిన్నమాటలో అంత పెద్ద తలుపా, అంది.
(తలుపు అన్న మాట ఎప్పుడు నేర్చుకుందో.)
మరి ఎదుటిమనిషిని కలుపుకుంటే?
మన.
మన, అంది వెంటనే.
సాగదీయలేదు, ఒత్తలేదు.

ఎనిమిదో నంబరు వచ్చింది.
కూర్చునే ముందు అలవాటుగా వంగి
సీటు కింద చూసి,
ఇక్కడ ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు
అని చెప్పింది నాకు,
వాక్యం మొత్తం, విభక్తులతో సహా.