సగం షట్టరు

ఆరో రోజు పొద్దున
అద్దంలో ఎడమ కన్ను లేవలేదు.
మొగమంతా తెల్లారింది,
దానికొక్కదానికే ఇంగా నిద్ర.

బంద్ రోజు పెద్ద మార్కెట్లో
షట్టరు నడుముకాడికి దించి
లోపల బేరం చేసుకునే అంగడి మాదిరి
నా రెప్ప.

కర్నూల్లో ఆడోళ్ళ కనుబొమ్మలు తీర్చబట్టి ఇరవై రెండేండ్లు.
దారం ఒక కొస పళ్ళల్లో, ఇంకోటి వేళ్ళల్లో,
ఎడమకూ కుడికీ వెంట్రుకవాసి తేడా రానీను.
నా కనుబొమ్మల నడుమ రెండు గీతలకే
ఓర్చుకోలేకపోతి.

నెలకొక ఆదివారం వచ్చే డాక్టరమ్మ
సూది పొడిచి
"రుద్దొద్దు, నాలుగు గంటలు వంగొద్దు" అనె.
ఆ మధ్యాన్నమే పెండ్లికూతురొచ్చె.
కుచ్చిళ్ళు సర్దుతా గంటసేపు వంగినా.
వంగడమో, చెమట తుడుచుకోవడమో,
సూదే రవంత పక్కకు పోయిందో,
ఎవురికి తెలుసు.

ఇప్పుడు కోపమొచ్చినా నొసలు ముడిపడదు.
ముడిపడని కోపాన్ని ఈరన్న లెక్కజేయడు.

కూరగాయలాయన ఏమనుకున్నాడో ఏమో
అడక్కుండానే కొత్తిమీర కట్ట పైనేసె.
రమీజా నవ్వీ నవ్వీ స్టూలు మీంచి జారిపడింది.

గాయత్రి ఎస్టేట్లో కండ్ల డాక్టరు
స్కేలు పెట్టి కొలిచె.
"మూడు మిల్లీమీటర్లు.
కండ చావలేదు తల్లీ, పండుకుంది.
విరుగుడు లేదు, గడువుంది.
వారాలో, మూడు నెలలో.
చుక్కలేస్తే కొంచెం లేస్తుంది, కొన్ని గంటలే.
సరిచేస్తామని ఎవరన్నా మళ్ళీ సూది తెస్తే పోవద్దు.
ఒకటి రెండుగా కనపడినా, మింగుడు పడకున్నా,
ఊపిరాడకున్నా
తెల్లారేదాకా ఆగొద్దు, పెద్దాసుపత్రికి పో."

చుక్కల సీసా దారం రీళ్ళ డబ్బాలో పెట్టినా.
ముహూర్తాలుంటే వేసుకుంటా.
లేని రోజు
రెప్పను దాని మానాన వదిలేస్తా.

అంగట్లో గోడ మీద ఒక గీతుంది.
రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర లోపలికొచ్చి
నిలబడినంత ఎత్తు.
మూడుసార్లు రంగేసినా
వానకాలం చెమ్మకు బయటపడుతుంది.
ఆ నీళ్ళను ఎవురు తోసినారు?
మిద్దె మీద చీపురు పట్టుకోని కూచుంటిమి.
అవే దిగినాయి.

నిన్న మాపున బ్యాంకు మేనేజరు పెండ్లాం వచ్చె.
"అక్కా, ఆ డాక్టరమ్మ నెంబరియ్యి."
ముందు నా మొగం చూడు, అంటి.
చూసింది. బాగా దగ్గరికొచ్చి చూసింది.
"నీకు గీతలైతే పోయినాయి గదా" అనె.

రెండు నెంబర్లు రాసిచ్చినా.
ఒకటి సూదిది,
ఒకటి చుక్కలది.

కుర్చీ వెనక్కి వంచి, దారం పళ్ళకు తీసుకోని
కండ్లు మూసుకోమ్మా, అన్నా.
రెండూ ఒకేసారి మూసుకున్నాయి.
ఎంత సులువుగా.