కుడి బూటు

ఫైనల్ ముందురాత్రి
దుకాణం కట్టేసే యాల్లకు
లాలాగూడ డెంజిల్ వచ్చిండు,
నోరు తెరిసిన కుడి బూటు పట్టుకొని.

మాది ముషీరాబాద్.
ముప్పై ఏండ్ల సంది మా జట్టుకే ఈ గొంతు.
ఆరె పట్టుకొని ఆలోచన జేసిన:
ఒక్క కుట్టు ఎడంగ ఏస్తే ఎవలకెరుక?

దారానికి మైనం రుద్దిన.
రెండు వరుసలు బిగించిన.
చెయ్యి నా మాట ఇనలే.

ఆట అయిపోవస్తున్నది.
బంతి కన్న ముందు నా కుట్టే కనబడ్డది,
నల్లగ, గట్టిగ.
మా గోల్‌కీపర్ అజ్మత్
మట్టిల బోర్లపడి లేవలే.

ఇంటిదాక నడుసుకుంటనే వచ్చిన.
మా ఆమె బువ్వ పెట్టింది, ఏమడగలే.

తెల్లారి డెంజిల్ మళ్ల వచ్చిండు.
ఎడమది గూడ కుట్టాల్నట.
మొన్నటి పైసలు
రేపిస్తడట.