తొక్కల జాడ

వంటవాణ్ణి నేను. టార్పెడోల లెక్కలు నాకేం తెలుసు?
అయినా నలభై ఒకటి అక్టోబరులో, అజోర్స్ దీవులకు ఉత్తరాన,
నీళ్ల అడుగున, నూనె కంపులో,
కమాండర్ గ్రొండోనా నన్ను పిలిచి
పింగాణీ పళ్లెంలో ఒక ఆపిల్ తొక్క పెట్టాడు.
"ఫెద్రిజ్జీ, మీ నోన్ లోయంతా ఆపిల్ తోటలే కదా.
చెప్పు, ఇది తీసి ఎంతసేపయింది?"

అంతకు తొమ్మిది రోజుల ముందు సంగతి.
రెండు టార్పెడోలు వదిలాం, రెండూ తప్పాయి.
పెరిస్కోపులో ఆయన చూస్తుండగానే
ఆ ఓడ వెనక రెయిలింగ్ దగ్గరికి ఎవడో వచ్చి
బకెట్ సముద్రంలో బోర్లించి
తిన్నగా ఇటే చూసి
చెయ్యి ఊపాడట.
"ఊపాడు," అన్నాడు కమాండర్. ఆ ఒక్క మాటే,
అన్నం ముందు కూచుని, ముద్ద ఎత్తకుండా.
ఆ రాత్రి నుంచి ఆయన కంటికి కునుకు లేదు,
మాకూ లేకుండా చేశాడు.

తొక్కని నాలుకకి ఆనించాను. అంచు వంచి చూశాను.
గాలికి తొందరగా కందుతుంది ఆపిల్,
ఉప్పునీళ్లలో నెమ్మదిగా.
"నాలుగు గంటలు," అన్నాను.
"తీసినవాడిది ఎడమ చెయ్యి. కత్తి మొద్దు."
ఆ రెండో మాట ఎవరడిగారు నన్ను?
సాటివాడి పని కనబడితే పనివాడి నోరు ఆగదు.

ఆనాటి నుంచి దిక్సూచి ముల్లు నేనే.
రోజూ చీకట్లో పైకి తేలి వలవేసి పట్టేవాళ్లు,
ఒకే చుట్టు, ఎక్కడా తెగకుండా, మెలిక ఎడమకి.
గురువారం కత్తి నూరుకున్నాడు.
శనివారం తొక్క మందంగా వచ్చింది: వేళ్లకి చలో, ఒంట్లో జ్వరమో.
ఆదివారం రెట్టింపు తొక్కలు. ఎవరి పుట్టినరోజో అక్కడ.
వాడూ నేనూ ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి
మాటల్లేకుండా పని చేసుకుంటున్నట్టుండేది.

బోర్దో నుంచి ఆజ్ఞ వచ్చింది, తిరిగి రమ్మని.
కాగితం నాలుగు మడతలై కమాండర్ జేబులోకి పోయింది.
ఇంజనీరు బ్రెస్సాన్ ట్యాంకులో ముంచిన కడ్డీ తెచ్చి చూపించాడు,
అంగుళంన్నర తడి.
ఆయన కడ్డీ చూడలేదు. నన్ను చూశాడు.

పదిహేడో రోజు తెల్లారగట్ల తెచ్చిన తొక్క
లోపలివైపు ఇంకా పాలలా ఉంది.
రెండు రోజులది అంటే సరిపోయేది.
నోటిదాకా వచ్చింది కూడా.
కానీ మా నాన్న కొట్టంలో పాతికేళ్లు
రంగు చూసి రోజు చెప్పిన కళ్లివి.
"అరగంట," అన్నాను.
నిజాయితీ అనుకునేరు. గర్వం.

ఈసారి తప్పలేదు.
ఆ చప్పుడు చెవులతో కాదు, పొట్టతో విన్నాం.

పైకి తేలేసరికి సముద్రం నిండా ఆపిల్ పళ్లు.
ఎర్రవి, వేలకి వేలు, నూనె పూసుకుని
అల ఎక్కుతూ దిగుతూ
మా జలాంతర్గామి పక్కలకి తలలు కొట్టుకుంటున్నాయి.
కుర్రాళ్లు బకెట్లతో తోడుకున్నారు, ప్యాంటుకి తుడిచి కొరికారు, నవ్వారు.
ఒక లైఫ్‌బోటు, ఖాళీది. రెండోది కనబడలేదు.
కమాండర్ చాలాసేపు బైనాక్యులర్స్ దించలేదు.
ఎవరికోసమని నేనడగలేదు.

తిరుగుదారిలో రోజూ సాయంత్రం
వంటగది గుమ్మంలో మోకాళ్లు ముడుచుకుని కూచునేవాడు.
వేట ముగిసినా నిద్ర రాలేదు మనిషికి.
"ఎడమ చెయ్యి అన్నావు కదూ?"
"అవును, కమాండర్."
అంతే. నా చేతులకేసి చూస్తూ ఉండిపోయేవాడు.

చెత్త సంచికి రాయి కట్టి ముంచాలని మాకు నియమం,
పైన ఏం తేలినా శత్రువుకి ఆనవాలు.
బోర్దో ఇంకా రెండు రాత్రులుందనగా
ఆ పళ్లలో చివరివాటికి తొక్క తీశాను,
తెగకుండా, ఒకే చుట్టుగా, చేతకాని ఎడమ చేత్తో.
నిచ్చెన ఎక్కి, సంచి మూతి విప్పి,
రాయి తీసి పక్కన పెట్టాను.