నీళ్లలో గుడ్డ

కుషిరోలో మంచు ఇంకా విడవలేదు.
పదకొండు రోజులు వంతెనల బోల్టులు
సుత్తితో తట్టి, చెవి ఒగ్గి,
ఇవాళ ఇల్లు చేరాను.

దారిలో కాఫీ అంటే
సంచిలో ఒదిగే ప్లాస్టిక్ గరాటు, కాగితం,
చేతిమర: నూటపాతిక తిప్పులకి ఒక్క కప్పు.
కాగితం మంచిదే. ఏదీ గుర్తుపెట్టుకోదు,
మడిచి పారేస్తే సరి.
మా కురొకవాది సైకిల్ పంపు లాంటి గొట్టం.
వ్యాన్ బానెట్ మీద పెట్టి
ఒంటి బరువంతా వేసి నొక్కుతాడు.
నిమిషంన్నర. చిక్కగా, అరుపులాంటి కాఫీ.
"నీ కప్పు నిండేలోగా
నేను రెండు బోల్టులు బిగిస్తా" అంటాడు.

ఇంట్లో మాత్రం ఫ్లానెల్ గుడ్డ.
బొట్టు బొట్టుగా పోయాలి,
పొడి పొంగి, ఊపిరి వదిలి, కుంగేదాకా ఆగాలి.
ఎండిందా, కంపు.
సీసాలో నీళ్లలోనే ఉంచి
రోజూ నీళ్లు మార్చాలి,
బిడ్డకి గుడ్డలు మార్చినట్టు.
ఎక్కడికీ తీసుకెళ్లలేం.

ఆ పని కింది వాటా తొమియెగారికి
తాళంచెవితో పాటు అప్పజెప్పి వెళ్లాను.
ఆవిడ కాఫీ ముట్టదు. బార్లీ టీ మనిషి.
సీసాకి అంటించిన చీటీ మీద పదకొండు గీతలు.
ఏడోదాని పక్కన:
"కొళాయి గడ్డకట్టింది.
నా కెటిల్ నీళ్లు పోశాను. చల్లార్చే."

గుడ్డ పిండుకుని కిందికే వెళ్లి
ఆవిడ స్టవ్ మీదే నీళ్లు కాచాను.
సన్నధార కింద పొడి ఉబ్బుతుంటే
కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది.
కప్పు రెండు చేతులా పట్టుకుంది చాలాసేపు,
తాగలేదు.
"వెచ్చగా ఉంది" అంది.
ఆనక, "మళ్లీ ఎప్పుడు వెళ్తావు?"