ఏ పద్దు కింద

పడవ పేరు నసీమ్. పొడవు ముప్పై నాలుగు మీటర్లు.
యజమానిని నేనెప్పుడూ చూడలేదు.
కాగితాల్లో అతనొక కంపెనీ,
ఆ కంపెనీ ఇంకో కంపెనీకి ఇల్లరికపుటల్లుడు.
లుసైల్ రేవులో, మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో
దాని పద్దులు రాసేది నేను.

కొనడం తేలికేనట.
కొన్నామన్న సంగతి తెలిసేది రెండో ఏడు.
ఆగితే అద్దె, కదిలితే నూనె,
ఆగకా కదలకా ఉంటే తుప్పు.
అడుగున నాచు పట్టకుండా ఏటేటా రంగు,
రంగు కోసం నీళ్ళలోంచి ఎత్తే క్రేనుకి గంటల లెక్క,
రాని తుఫానుకి బీమా,
ఏడుగురు మనుషుల జీతం, బత్తెం, తెల్ల చొక్కాల ఇస్త్రీ.
పదేళ్ళు తిరిగేసరికి పడవ
తన ధరని తానే ఇంకోసారి తినేస్తుంది.
ఏనుగుని మేపినట్టని అనను,
ఏనుగు నయం, ఆకలేస్తే అరుస్తుంది.

జూలై అంతా ఎవరూ రారు.
అయినా ఐదు పడగ్గదుల్లో ఏసీ ఆగదు,
ఆగితే తోలు సోఫాలకి బూజు.
ఎవరూ కప్పుకోని దుప్పట్లకి చలి.
ఎవరూ వాసన చూడని తెల్ల లిల్లీలు
సోమవారం సోమవారం విమానం దిగుతాయి,
ఒప్పందంలో ఒక మాటుంది కనక:
'ఎప్పుడైనా రావచ్చు.'
ఆ 'ఎప్పుడైనా'కి
నెలకి నాలుగు వేల ఎనిమిది వందల రియాళ్ళు.

పదిహేను రోజులకోసారి ఇంజన్లు నడపాలి,
లేకపోతే రబ్బరు సీళ్ళు ఎండి పగులుతాయి.
కనక ఆ మంగళవారం
చక్రం దగ్గర కెప్టెన్ యోసిప్,
మీటరు అంకెలు రాసుకోడానికి నేను,
తాళ్ళ దగ్గర సూరాడ ఎల్లాజీ, ఊరు భావనపాడు.
టేకు చెక్క మీద వట్టి కాళ్ళతో నడవగల హక్కు
అతిథుల తరవాత అతనొక్కడికే.

రేవు గోడ దాటాక అతని మెడ నిటారైంది.
"అదిగో సూడండి, నీరు రంగు తిరిగింది.
కింద పార గుంపుంది."
నాకు కనిపించింది ఎండ.
అతను జేబులోంచి షాంపూ సీసా తీశాడు,
దాని చుట్టూ నైలాను దారం,
కొసకి తోక విరిచిన టీ స్పూను.
(పోయిన నెల నేను కొట్టేసిన లెక్క:
వెండి చెంచాలు, పన్నెండుకి పదకొండు.)

దారం బిగిసింది.
యోసిప్ ఒకసారి కెమెరా వైపు చూసి
వేగం తగ్గించాడు.
నాలుగు కిలోలుంటుంది,
టేకు మీద డప్పు వాయించినట్టు కొట్టుకుంది,
అంత పెద్ద పడవలో
ఆ వేసవికి మొదటి చప్పుడు అదే.

పడవలో చేప వండకూడదు, పరదాలకి వాసన పడుతుంది.
ఆ రాత్రి సిబ్బంది గదుల్లో,
బట్టలారేసిన మేకుల కింద,
చింతపండు పిసికి పులుసు పెట్టాడు ఎల్లాజీ.
యోసిప్ తలకాయ ముక్క అడిగి మరీ వేయించుకుని
ముల్లు ముల్లూ చీకి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు రాశాను.
నూనె: రెండు వందల పది లీటర్లు.
కారణం: ఇంజన్ల ఆరోగ్యం.
చేపని ఏ పద్దు కింద రాయాలో తోచలేదు.
అద్దె, బీమా, జీతాలు, లిల్లీలు, అన్నీ కూడి
కిలోకి ఎంత పడిందో మాత్రం వేసి చూశాను.
కాగితం చింపేశాను.
అంత ఖరీదైన పులుసు తిన్నామని తెలిస్తే
అరుగుతుందా?

శుక్రవారం నౌకని ఒక్కపూటకి ఎవరో తీసుకున్నారు,
అరవై వేలు, కేకు మీద బంగారు రేకు అదనం.
డెక్కు మూడుసార్లు కడిగారు.
అయినా రెండు చెక్కల మధ్య సందులో
ఒక పొలుసు మిగిలింది.
తళుకులు కుట్టిన గౌను వేసుకున్న పిల్ల
వంగి దాన్ని గోరుతో తీసింది,
తన గౌనుదే రాలిందనుకుని
ఛాతీ దగ్గర ఖాళీగా ఉన్న చోట నొక్కి పెట్టుకుంది.
అంటుకుంది.

ఎల్లాజీ చూశాడు.
తాడు చుట్టడం పూర్తిచేశాడు.