పద్నాలుగో లైను

మార్చి పదకొండు. పొద్దు ఇంకా ఇసుక దిబ్బ దాటలే.
మదీనత్ జాయెద్ అవతల, లీవా రోడ్డు పక్క తోటల
పద్నాలుగో లైను డ్రిప్పు చూసుకుంట పోతున్న,
ఏ చెట్టు మొదట్ల చుక్క పడుతున్నది,
ఏది ఉప్పు పట్టి మూసుకపోయింది.
ఇక్కడోళ్లు ఘాఫ్ అంటరు. మా జగిత్యాలల జమ్మి.
దసరాకు ఒక్క ఆకు చేతుల పెట్టి బంగారమన్న చెట్టు.
ఇక్కడ నాలుగువేల మూడువందలు, నెంబర్లతోని.
నెలకు పదకొండు వందల దిర్హాములకు
నేను నీళ్లు పెడుతున్న.

నలభై ఆరో చెట్టు కింద
ఎవరో పారేసిన గోనెపట్టా అనుకున్న.
పట్టా కన్ను తెరిచింది.

రీమ్ జింక పిల్ల. బొడ్డు ఇంకా ఆరలే.
చెవులు వీపుకు అతికించుకొని, గదవ నేలకు ఆనించి,
ఊపిరి గూడ అప్పు తెచ్చుకున్నట్టు కొంచెం కొంచెం.
ముక్కు మీద ఈగ వాలినా కదలలే.
నేనూ కదలలే.

తల్లి లేదు. కనుచూపు మేర కంచె,
కంచె అవతల గ్యాసు పైపు.

చేతులు వాటంతటవే ముందుకు పోయినయి.
ఈ చేతులు నాకు ఎరికే.
నిరుడు ఇట్లనే పోయినయి.

నిరుడు, చెప్పాలె,
ఒక పిల్లను తువ్వాలల చుట్టి క్యాంపుకు తెచ్చిన.
పోశెట్టి నిడో పాలు కలిపిండు.
గుల్ జమాన్ తన కంబళి ఇచ్చిండు.
రాత్రంత వంతులేసుకొని ఎత్తుకున్నం,
ఫోన్లల ఇండ్లకు చూపిచ్చినం.
ఎవరో పేరు గూడ పెట్టిండ్రు, అది మళ్ల పలకను.
మూడోనాడు పొద్దున మెడ వాలేసింది.
ఇద్రీస్ వచ్చి చూసిండు. సూడాన్ మనిషి,
మేకల నడుమ పుట్టి పెరిగినోడు.
"మాపటికి తల్లి వచ్చి ఉంటది" అన్నడు.
"పిలిచి ఉంటది" అన్నడు.
ఛాయ్ తాగకుండనే పోయిండు.
తిడితే బాగుండు.

తర్వాత పారతోని గుంత తవ్వుకుంట ఆయనే చెప్పిండు:
పుట్టిన పిల్లకు వాసన ఉండదట. తల్లికి ఉంటదట.
అందుకే తల్లి దూరం పోతది,
నక్కను తన దిక్కు మళ్లించుకుంట.
దగ్గర లేకపోవుడే కాపలా అన్నడు.

అది ఇన్నంక నాకు చానా యాదికొచ్చినయి. ఇక్కడ రాయను.
జింక జింకనే. నా బిడ్డ ముచ్చట వేరే.

చిన్నప్పుడు బాపు చెప్పేటోడు:
పాండవులు ఆయుధాలు మూటగట్టి జమ్మి మీద పెట్టి
శవమని చెప్పి పోయిండ్రని.
ఏడాది ఎవ్వరూ ముట్టలే.
ఎవడన్న మంచోడు అటు వచ్చి,
అయ్యో, దిక్కులేని పీనుగ అని
కిందికి దించి అగ్గి పెట్టి ఉంటే?

చేతులు జేబుల పెట్టుకున్న.

కానీ ఆరున్నరకు మోటరు ఆన్ అయితది.
నలభై ఆరు కాడ పైపు పగిలి ఉన్నది.
నిన్న చూసి, రేపు చేద్దామన్నది నేనే.
ఉప్పునీళ్లు దాని పొట్ట కిందికే చేరతయి.
ముట్టొద్దు, సరే. మరి ఇది?

వాల్వు దాక ఉరికిన. పద్నాలుగు బంద్ పెట్టిన.
గుల్ జమాన్‌కు ఫోన్ చేసి
ట్రాక్టరు పదిహేను మీదికెళ్లి తిప్పుకోమన్న.
ఎందుకని అడగలే. "అచ్ఛా" అన్నడు,
జరసేపాగి, గొంతు తగ్గించి, "జిందా హై?"

పగలంత అటు పోలే.
మధ్యాహ్నం ఇసుక గాలి లేచింది,
అప్పుడు గూడ పోలే. అదే అన్నిట్ల కష్టమైన పని.
కురియన్ సార్ వచ్చి అడిగిండు,
పద్నాలుగు ఎందుకు ఎండిందని.
పైపు పగిలింది సార్ అన్న. అబద్ధం కాదు.
ఒక్కరోజు కూలి కోత రాసుకున్నడు.

మాపటికి పోయి దూరం నుంచి చూసిన.
గుంత ఖాళీ.
సన్న డెక్కల గుర్తులు నాలుగైదు, పక్కన పెద్దయి.
నక్కయి గూడ ఉన్నయి.
అవి గాలికి ముందటియో తర్వాతియో
ఇద్రీస్‌ను అడిగితే చెప్తడు.
అడగలే.

పైపుకు టేపు చుట్టిన. వాల్వు తిప్పిన.
నలభై ఆరో జమ్మి మొదట్ల ఒక చుక్క పడ్డది.
ఇంకో చుక్క కోసం నిలబడ్డ.