గంట కొట్టే ముందు

వాల్పరైసోలో కొండెక్కే ఒక పాత లిఫ్టుకి
ఇరవై రెండేళ్లుగా టికెట్లు చింపే మనిషిని నేను.
చెక్క పెట్టె, ఇనప తాడు, పదిమంది జనం.
పైకి తొంభై సెకన్లు. కిందికి తొంభై సెకన్లు.
ఎవరి మొహమూ నాకు గుర్తుండదు.
చిల్లర ఇచ్చే అరచేతులు గుర్తుంటాయి.

నెలిదా అరచేయి ఎప్పుడూ చెమటగా ఉండేది.
పక్కన పంతొమ్మిదేళ్ల కొడుకు ఎఫ్రాయిన్,
తలుపు పక్క ఎడమ మూల తప్ప
ఇంకెక్కడా నిలబడడు.
ఆ మూలలో ఎవరైనా ఉంటే
క్షమించండి, అనేది వాళ్ళమ్మ.
గంట మోతకి అతను అరిస్తే, క్షమించండి.
నేను నోరు విప్పకముందే నన్ను కూడా.
ఒక మనిషి రోజుకి ఎన్నిసార్లు ఆ మాట అంటుందో
లెక్కపెట్టడానికి నా టికెట్ల కట్ట చాలదు.

నిజం చెప్పొద్దూ, నాకు చిరాకుగానే ఉండేది.
ఇంట్లో ఉంచుకోవచ్చుగా, అనుకున్నాను.
మనసులోనే. అయినా అన్నది అన్నట్టే.

ఆగస్టులో ఒక గురువారం, చలి, వాన.
ఎక్కేవాళ్ళు లేరు.
పై స్టేషన్ బల్ల మీద నెలిదా
కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.
సంచీ జారింది. నోరు తెరుచుకుంది.
ఎఫ్రాయిన్ నా వైపు చూడలేదు,
తలుపు వైపు చూశాడు.
గొళ్ళెం తీశాను.

పద్నాలుగుసార్లు ఎక్కాం, దిగాం.
అతను కిటికీ చట్రానికి చెంప ఆనించి
తాడు మోతతో గొంతు కలిపాడు,
మ్మ్ అని, సన్నగా,
తాడు బిగిసే చోట పైకి, వదులయ్యే చోట కిందికి.
ఆ తాడుకి ఒక శ్రుతి ఉందని
ఇరవై రెండేళ్లలో నాకు తెలీదు.

గంట కొట్టకుండా పెట్టె కదిలిస్తే ఉద్యోగం పోతుంది.
మొదటి రెండుసార్లు అరిచాడు.
మూడోసారి ఒక వేలు ఎత్తి చూపించాను. ఆగాను.
చెవులు మూసుకున్నాడు.
అప్పుడు కొట్టాను.
అరవలేదు.
ఇంతేనా?
ఇంతే.

నెలిదా లేచి పరుగెత్తుకొచ్చింది,
ఒక బూటు బల్ల కిందే వదిలేసి.
వణికే వేళ్ళతో పద్నాలుగు టికెట్ల డబ్బు లెక్కపెట్టబోయింది.
"వచ్చే గురువారం కూడా రండి," అన్నాను.
"మీరు మాత్రం ఎక్కొద్దు."

ఆ గురువారం ఆమెకి ఎటు వెళ్ళాలో తోచలేదు.
నా గది ముందే కాలుగాలిన పిల్లిలా తిరిగింది.
చేతులు జేబులో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.
పంతొమ్మిదేళ్లుగా ఒక మణికట్టుని పట్టుకున్న చేయి అది.
"ఏం చెయ్యను?" అంది.
నాకేం తెలుసు?
"ముప్పావుగంట. వెళ్ళండి."

వచ్చింది,
మోకాళ్ళ దాకా తడిసి, బూట్ల నిండా ఇసుకతో,
కాగితంలో సగం తిన్న వేయించిన చేపతో.
క్షమించండి అనలేదు.
ఎఫ్రాయిన్ ఆమె కాళ్ళు చూసి "తడి" అన్నాడు.
"తడే," అంది.

అన్ని గురువారాలూ ఇలా ఉండవు.
ఒకసారి తలుపుకి తల బాదుకున్నాడు,
నా భుజం అడ్డం పెట్టాను, నెల రోజులు నొప్పి.
ఎవరో మునిసిపాలిటీకి ఉత్తరం రాశారు.
అది నా సొరుగులోనే ఉంది.
జవాబు ఇంకా రాయలేదు.

పోయిన వారం వాళ్ళాయన కూడా వచ్చాడు,
రేవులో రాత్రి షిఫ్టు క్రేన్ మనిషి, కళ్ళు ఎర్రగా.
ఇద్దరూ ఊళ్ళోకి వెళ్తారనుకున్నాను.
పది మెట్లు దిగి అక్కడే కూలబడ్డారు.
చూస్తే ఆయన తల ఆమె భుజం మీద,
ఆమె తల గోడ మీద.

పెట్టె కదలాలి.
వేలు ఎత్తాను.
ఎఫ్రాయిన్ చెవులు మూసుకున్నాడు.
మెట్ల వైపు ఒకసారి చూసి
గంట మెల్లిగా కొట్టాను.